ఊపిరికో తిట్టు

మా వీధి సుబ్బమ్మ ప్రొద్దుటూరులో నిలబడి ఒక తిట్టు తిడితే జమ్మలమడుగులో బిడ్డ పుట్టింది. ఆ తిట్టు వెళ్ళిన దారి పొడవునా వేపచెట్లు ఆకులు రాల్చాయి. పెన్న ఒడ్డున మేస్తున్న మందలో సూడి గొర్రెలన్నీ నెల ముందే ఈనాయి.

గొర్రెల మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈనింది ఒక్క గొర్రే, అది కూడా నెలలు నిండినదే. తిట్టు గాలిలో పోలేదు, ఫోనులో పోయింది. పైగా అది ఒక్క తిట్టు కాదు, రెండు గంటల తిట్లు. బిడ్డ పుట్టిన మాట మాత్రం నిజం. నన్ను చదివించిన కాన్వెంటు సిస్టర్లు అబద్ధానికి అరగంట చొప్పున మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నా మోకాళ్ళు యాభై ఏళ్ళుగా సరిగ్గా వంగడం లేదు. దాన్నిబట్టి నా మాటను ఎంతవరకు నమ్మాలో మీరే తేల్చుకోండి.

సుబ్బమ్మ మంత్రసాని కాదు. ఆ మాట అన్నవాళ్ళకు ఆమె ఇంట్లో మంచినీళ్ళు కూడా పుట్టవు. ఆమె బొడ్డు కోయదు, మందు ఇవ్వదు, కడుపు పట్టి చూడదు. ఆమెది ముత్తాతల కాలంలో దొరల మిషనులో చేరి కిరస్తానీలైన కుటుంబం. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో ఇరవై రెండేళ్ళు ఆయాగా పనిచేసి, పెద్ద నర్సుతో పడక బయటికి వచ్చేసింది. వచ్చాక ఆమెకు ఒక సంగతి తట్టింది. కాన్పు గదిలో డాక్టరుకు నర్సు తోడు, నర్సుకు ఆయా తోడు, కత్తెరకు ట్రే తోడు. నొప్పులు పడే మనిషికి మాత్రం ఎవరూ లేరు.

అప్పటినుంచి పిలిచిన ఇంటి పిల్లకు తోడుగా వెళ్ళడమే ఆమె పని. నడుము పట్టేసినప్పుడు రెండు పిడికిళ్ళతో ఒత్తుతుంది. వరండాలో నడిపిస్తుంది. ఊపిరి ఎట్లా తీయాలో, ఎట్లా వదలాలో చెబుతుంది. బిడ్డ ఏడుపు వినగానే చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేస్తుంది. బిడ్డను ఎత్తుకోదు, ఎవరి పోలికో చెప్పదు, మిఠాయి తినదు.

పరదేశాల్లో ఈ పనికి డౌలా అని పేరుందని నేను పేపరులో చదివి ఆమెకు చెప్పాను.

“ఏంది మామా, డౌలానా? పేరు లేక సస్తాండానా నేను? మీ ఇంట్లో మేకకు పెట్టుకో పో ఆ పేరు,” అంది.

ఆమె పిడికిళ్ళ కంటే నోరు ఎక్కువ పని చేస్తుంది. ఏడో నెలలో ఒకసారి వచ్చి, కడుపుతో ఉన్న పిల్లను గదిలోకి తీసుకుపోయి తలుపు మూసి, ఒకే ప్రశ్న అడుగుతుంది. “నీకు ఎవురి మీద కోపముండాది?”

ఏ పిల్లా మొదట చెప్పదు. నాకెవరి మీదా కోపం లేదంటుంది. సుబ్బమ్మ గోడకు ఆనుకుని కూర్చుంటుంది. గంట గడుస్తుంది. అప్పుడు ఒక్కొక్క పేరే బయటికి వస్తుంది. అత్త, ఆడబిడ్డ, మొగుడు, జాకెట్టు చెడగొట్టిన టైలరు, ఆరో తరగతిలో అందరి ముందు చెవి మెలిపెట్టిన అయ్యవారు. సుబ్బమ్మకు రాయడం రాదు కాబట్టి అన్నీ మనసులో పెట్టుకుంటుంది. కాన్పు గదిలో నొప్పి లేచినప్పుడల్లా ఆ పేర్లలోంచి ఒకటి తీసి, ఆ మనిషిని తిట్టడం మొదలు పెడుతుంది. నొప్పి ఎంతసేపుంటే తిట్టు అంతసేపు. ఆ పిల్ల ఆ తిట్టుతో పాటే ఊపిరి లాగి, ఆ తిట్టుతో పాటే వదులుతుంది. నొప్పి దిగగానే తిట్టు ఆగిపోతుంది. మళ్ళీ నొప్పికి మళ్ళీ ఒక పేరు.

“కోపమొచ్చిన మనిషికి భయం గుర్తుండదు మామా. అంతే మందు,” అని ఒకసారి నాతో అంది.

కమలాపురంలో ఒక పిల్ల మూడు గంటలు కూర్చోబెట్టినా ఒక్క పేరు చెప్పలేదట. చివరికి, “నీ మీదే పెద్దమ్మా. పొద్దున్నుంచి తిండి తిననీకుండా చంపుతాండావు,” అందట. ఆ కాన్పులో సుబ్బమ్మ తెల్లవార్లూ తనను తానే తిట్టుకుందట. ఈ ముక్క నాకు వేరేవాళ్ళు చెప్పింది, పూచీ నాది కాదు.

ఆ పేర్లు గది దాటి బయటికి రావు. అది ఆమె ఒట్టు. మా ఊళ్ళో నడివయసు అత్తల్లో సగం మంది ఏదో ఒక కాన్పు గదిలో ఉతికి ఆరేయించుకున్నవాళ్ళే. ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. సంతలో ఎదురైతే సుబ్బమ్మను పలకరించి, కాకరకాయలు కొనిపెట్టి పోయేవాళ్ళు.

2020 వేసవిలో మా వీధిలో ఒకాయనకు కరోనా తేలింది. మరుసటి రోజుకల్లా వీధి రెండు మొనల్లో వెదురు బొంగులు అడ్డం కట్టి, ఒక మొనలో కుర్చీ వేసి అన్సర్ అనే కానిస్టేబులును కూర్చోబెట్టారు. రోగం కంటే ముందు మనుషులకు కోరలు మొలిచాయి. నిన్నటిదాకా పప్పు గిన్నెలు మార్చుకున్నవాళ్ళు ఒకరి తుమ్ములు ఒకరు వినసాగారు. ఎవరైనా దగ్గితే ఎదురిల్లు కిటికీ మూసుకునేది. అందరికంటే ఎక్కువ మాటలు పడింది సుబ్బమ్మ. ఆసుపత్రులన్నీ తిరిగే మనిషి, రోగం ఆమె చెప్పులకు అంటుకునే వీధిలోకి వచ్చిందని తీర్మానించారు. ఆమె కుళాయి దగ్గరికి వస్తే బిందెలు ఎత్తుకుని దూరంగా జరిగేవారు. ఆమె వాళ్ళ బిందెల మీదే తుమ్మి పోయేది, జలుబు లేకపోయినా.

ఎదురింటి లక్ష్మీదేవి ఇంకో మెట్టు ఎక్కింది. గొర్రెల మందలున్న కుటుంబం ఆమెది. చాపాడు వైపు పొలాలూ ఉన్నాయి, ఊరి చివర గొర్రెల దొడ్డీ ఉంది. సుబ్బమ్మ వీధిలో నడిచిపోయిన ప్రతిసారీ బకెట్టు తెచ్చి, ఆమె అడుగులు పడ్డచోటల్లా ఫినాయిలు నీళ్ళు పోసేది.

“నా గడప తొక్కినావంటే కాళ్ళిరగ్గొడతా సుబ్బమ్మా. నా కోడలు కడుపుతో ఉండాది.”

“నీ కోడలికే గదా నేను కావాల్సింది. నీ గడప ఎవురిక్కావాల? మా ఇంట్లో గడప ల్యాదనుకున్నావా?”

“ఇంటింటికీ రోగం మోసే మొగం నువ్వూ.”

“నీ మొగం చూసినాక రోగం కూడా మా ఇంటికాడ్నే ఆగిపోయిందిలే.”

ఆ కోడలు నందిని. పులివెందుల దగ్గర చీనీ తోటలవాళ్ళ పిల్ల. చీనీ అంటే మా వైపు బత్తాయి. కాన్పుకు పుట్టింటికి తీసుకుపోవలసిన తల్లి దారులు మూసేయడంతో రాలేకపోయింది. భర్త గురుప్రసాద్ లారీతో హుబ్లీ దగ్గర చిక్కుకుపోయాడు. అంతకు రెండేళ్ళ ముందు ఎనిమిదో నెలలో నందినికి ఒక బిడ్డ పోయింది. ఆసుపత్రి వరండాలో ఒక్కతే పడి ఉండి, చచ్చిన బిడ్డను కన్నదని చెప్పుకున్నారు. వీధికి తెలిసింది అంతవరకే.

మా వీధి ఇరుకు. రెండు వైపులా మిద్దెలు. ఒక మిద్దె మీద నిలబడి ఎదురు మిద్దె మీది మనిషితో గొంతు తగ్గించే మాట్లాడవచ్చు. నా మిద్దె సుబ్బమ్మ మిద్దెకు పక్కది. ఒక సాయంత్రం నందిని వడియాలు ఎత్తే నెపంతో పైకి వచ్చి, పిట్టగోడ దగ్గర నిలబడి చెప్పింది.

“ఒక్కదాన్ని పోను పెద్దమ్మా. పోయినసారి ఒక్కదాన్నే ఉన్న్యా. ఈసారి కూడా ఆ గదిలోకి ఒక్కదాన్నే పోతే ఈ బిడ్డ కూడా దక్కదు. ఆసుపత్రోళ్ళు ఎవుర్నీ రానీయరంట. నేను ఇంట్లోనే పడుంటా, ఏమన్నా కానీ.”

సుబ్బమ్మకు ఓదార్చడం తెలియదు. “ఏడుపు ఆపు ముందు. ఇంట్లో పడుండేదానివి మీ అత్త చేతిలో పడుంటావు. నా చేతులు రాకపోతే నా నోరు వస్తాది నీతో. ఎవుడు ఆపుతాడో చూస్తా.”

మరుసటి రోజు నుంచి పొద్దున ఆరింటికి ఇద్దరూ చెరొక మిద్దె మీదికి వచ్చేవారు. సుబ్బమ్మ చేతిలో అల్యూమినియం పళ్ళెం, గరిటె. మోగితే ఊపిరి లాగాలి, ఆగితే వదలాలి. పళ్ళేలు వాయించమన్న రోజు ఎప్పుడో అయిపోయింది, ఈమెకు ఇప్పుడెందుకీ పూనకమని వీధి కింద నుంచి తిట్టేది. ఆమె ఇంకా గట్టిగా వాయించేది.

నడుము ఒత్తడానికి పిడికిళ్ళు ఎట్లా పంపాలన్నది తరవాతి చిక్కు.

“రెండు చీనీకాయలు తీసుకో. మీ ఆయన మేజోడులో ఏసి ముడెయ్. గోడకూ నడుముకూ నడాన పెట్టుకోని ఒత్తుకో. నా పిడికిళ్ళు అచ్చం అట్లే ఉంటాయి.”

“చీనీకాయలు యాడివి పెద్దమ్మా? లాక్‌డౌన్‌కు ముందు మా నాయన పంపిన మూట మా అత్త మంచం కింద పెట్టుకోనుండాది. సగం కుళ్ళిపోయినాయి.”

“అట్లనా. సరే, అది కూడా నోట్లో పెట్టుకుంటాలే,” అని సుబ్బమ్మ తన ఇంట్లో నుంచి రెండు కాయలు తెచ్చి వీధి మీదుగా విసిరింది. ఒకటి నందిని ఒడిలో పడింది. రెండోది కింద అరుగు మీద కూర్చున్న లక్ష్మీదేవి నడినెత్తిన పడింది. నిజానికి పక్కన పడింది, లక్ష్మీదేవి మాత్రం నెత్తినే పడిందని వారం పాటు వీధికంతా చూపించింది. రెండో కాయ మళ్ళీ విసరాల్సి వచ్చింది.

కోపాల పేర్లు మిద్దె మీద అడిగేవి కావు. ఫోనులో అడగాల్సి వచ్చింది. సుబ్బమ్మది పాత బటన్ల ఫోను. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించదు, స్పీకరు వేస్తేనే మాట వస్తుంది. ఇంట్లో సిగ్నలు లేదు. అందుకని మిట్టమధ్యాహ్నం ఎండలో మిద్దె మీద కంబళి కప్పుకుని కూర్చుని, ఆ కంబళి లోపలే నందిని చెప్పిన పేర్లన్నీ విన్నది. బయటికి వచ్చేసరికి ఆమె ఉడికిన దుంపలాగా ఉంది.

మే నెలలో ఒక పొద్దున నందినికి నొప్పులు మొదలయ్యాయి. పదింటికి 108 బండి వెదురు బొంగుల అవతల వచ్చి ఆగింది. తెల్లటి సంచీలో దూరినట్టున్న మనిషి ఒకడు దిగి, మా వీధి గర్భిణులను జమ్మలమడుగులో ఒక నర్సింగ్ హోముకు పంపమని ఆర్డరని చెప్పాడు. “పేషెంటు ఒక్కరే,” అన్నాడు.

లక్ష్మీదేవి సంచీ పట్టుకుని బొంగు కింద నుంచి దూరబోయింది. అన్సర్ లాఠీ అడ్డం పెట్టాడు. ఆమె వెనకే సుబ్బమ్మ వచ్చింది.

“నన్ను పోనీ అబ్బోడా. నేను ఆ పిల్ల తోడు.”

“తోడు లేదు, నీడ లేదు. వెనక్కి పో. మాస్కు పైకి లాగు.”

“నీ పెండ్లాం కాన్పుకు ఎవుర్ని పిలుస్తావో చూస్తారా నేను.”

“నాకింకా పెండ్లే కాలేదు పో.”

“కాదు కూడా. ఆ మొగానికి ఎవురిస్తారు?”

ఈ గొడవ మధ్యలో నందిని బండి మెట్టు మీద నుంచి కాలు కిందికి పెట్టింది. “నేను పోను. ఒక్కదాన్ని పోను,” అంటూ రేకు పట్టుకుని నిలబడిపోయింది. తెల్లసంచీ మనిషి గడియారం చూసుకున్నాడు. లక్ష్మీదేవి, “ఎక్కవే, యాషాలు చాలు,” అని అరిచింది. నందిని కాలు ఇంకో అడుగు వెనక్కి పడింది.

సుబ్బమ్మ బొంగు మీద రెండు చేతులూ ఆనించింది. “నందినీ, ఇట్లా చూడు. నీ చేతిలో ఫోనుండాదా? నా నోరు దాంట్లో ఉండాది. కాయలున్నాయా? నా చేతులు అయ్యే. ఇంగ ఒక్కదానివెట్లా అవుతావు? ఎక్కు.”

నందిని ఎక్కింది.

పన్నెండున్నరకు సుబ్బమ్మ ఫోను మోగింది. ఆమె అప్పటిదాకా బొంగుల దగ్గరే ఎండలో నిలబడి ఉంది. లక్ష్మీదేవి కూడా కబురు కోసం అక్కడే అరుగు మీద కాచుకుని ఉంది. స్పీకరులో ముందు వినిపించింది నందిని గొంతు కాదు, నర్సు గొంతు.

“ఎవరమ్మా మీరు? లేబర్ రూములో ఫోను ఉండకూడదు. కట్ చేస్తాండా.”

సుబ్బమ్మ చెవి నిక్కింది. “ఎవురు, సుహానానా? ముబారక్ కూతురివి గదా నువ్వు? నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ పక్కన నిలబడింది నేనే. మీ అమ్మ ఆపొద్దు ఎవురెవుర్ని తిట్టించిందో ఈ స్పీకరులో చెప్పమంటావా?”

“కిటికీలో పెడతా. డాక్టరమ్మ వస్తే దుప్పటి కిందికి తోస్తా,” అంది సుహానా.

“ఆ తెలివి మీ అమ్మదే.”

వెంటనే నందిని గొంతు వచ్చింది. “వస్తాంది పెద్దమ్మా.”

సుబ్బమ్మ నోరు తెరిచి ఆగింది. ఐదడుగుల్లో లక్ష్మీదేవి. తలుపుల్లో, మిద్దెల మీద వీధి అంతా. ఇంట్లోకి పోతే సిగ్నలు పోతుంది. పాతికేళ్ళుగా గది దాటని పేర్లు నడివీధిలో ఎత్తవలసి వచ్చింది. ఆమె తెలివిగా టైలరుతో మొదలు పెట్టింది. “ఓరి కత్తెర్లోడా, జాకెట్టు కుట్టమంటే గోనెసంచి కుడతావా, నీ సూది నీ బొటనేల్లో ఇరగ…”

“వాడు కాదు పెద్దమ్మా! మొదటి పేరు చెప్పు. ఊపిరి అందడం లే.”

సుబ్బమ్మ రెండో నొప్పికి అయ్యవారిని పట్టుకుంది. నందిని ఏడవసాగింది. “మొదటి పేరు! నువ్వు కూడా ఆమెకు భయపడతాండావా?”

సుబ్బమ్మ కళ్ళు మూసుకుంది. మూడో నొప్పికి నోరు తెరిచింది.

“లక్ష్మీదేవీ!”

“ఏంది?” అంది లక్ష్మీదేవి, పిలిచిందనుకుని.

“మంచం కింద చీనీకాయలు కుళ్ళబెట్టి పెంటలో పోసి, వాంతులయ్యే పిల్లకు ఆ వాసన చూపించిన మహాతల్లివి నువ్వు! కొడుక్కు పెట్టే సంగటి ముద్ద బండరాయంత, కోడలికి పెట్టేది నిమ్మకాయంత! నీ బీగాలు తుప్పు పట్టిపోను! ఆ పిల్ల టీవీ చూస్తే కరెంటు, పడుకుంటే సోమరితనం, పుట్టింటికి ఫోను చేస్తే చాడీలు! నీ చెవులు గోడలకు అతికించినావా ఏంది? నీ నోరు మూడునాళ్ళు పడిపోను…”

స్పీకరులో నందిని ఊపిరి ఫూ అని పొడుగ్గా వదలడం వీధంతా విన్నది. నొప్పి దిగింది. తిట్టు ఆగింది. సుబ్బమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

లక్ష్మీదేవి చీపురు పట్టుకుని వచ్చింది. అన్సర్ కుర్చీ లోంచి లేచి, “ఆరడుగులు! ఆరడుగుల దూరం!” అని లాఠీ మధ్యలో పెట్టాడు. రోగం లేని కాలమైతే ఆ రోజు ఒక జడ మిగిలేది కాదు. ఆరడుగుల అవతల నుంచే లక్ష్మీదేవి అందుకుంది.

“నీ కడుపు కాలా! నా ఇంటి కూడు గురించి నీకెందుకే? ఒక్క బిడ్డను కనిందానివా, పెంచిందానివా? ఊరి కాన్పుల మీద పడి బతికే గద్దవు నువ్వు!”

“వస్తాంది పెద్దమ్మా!”

“లక్ష్మీదేవీ…”

అట్లా సాగింది. నొప్పి వచ్చినప్పుడు సుబ్బమ్మ, నొప్పి దిగినప్పుడు లక్ష్మీదేవి. ఒకరి వంతులోకి ఒకరు రాలేదు. మధ్యలో గురుప్రసాద్ పేరు, ఆడబిడ్డ పేరు, పులివెందులలో ఎవరో పెదనాన్న పేరు వచ్చిపోయాయి. పేర్లన్నీ ఖర్చయ్యాక సుబ్బమ్మ అన్సర్‌ను కూడా వదల్లేదు. నేను మిద్దె మీద నుంచి దిగి బొంగుల దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తి మీద ఉంది, ఆమె మాస్కు చెమటకు ముక్కు కింద అతుక్కుపోయి ఉంది. చుక్క నీళ్ళు ఇచ్చే నాథుడు లేడు. నేను చెంబు తెచ్చి ఇస్తే అది కూడా నా మొహాన పడింది.

రెండు గంటలు తిట్టేసరికి ఆమె గొంతు పోయింది. తగ్గలేదు, ఒక్కసారిగా పోయింది. నోరు ఆడుతోంది, గాలి తప్ప ఏమీ రావడం లేదు.

“పెద్దమ్మా?” అంది ఫోను. “పెద్దమ్మా, యాడికి పోయినావు? పెద్దమ్మా! ఎవురూ లేరా?”

సుహానా గొంతు భయంగా వచ్చింది. “ఊపిరి బిగబట్టేస్తాంది. బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతాంది. ఏదో ఒకటి మాట్లాడండమ్మా, మాట్లాడండి!”

సుబ్బమ్మ నా వైపు చూసింది, అన్సర్ వైపు చూసింది. మా గొంతులు నందినికి పనికిరావు. ఆమె ఆరడుగులూ దాటిపోయి, ఫోనును లక్ష్మీదేవి చేతిలో కుక్కింది. అన్సర్ ఈసారి అరవలేదు. లక్ష్మీదేవి ఆ ఫోనును కొంగుతో పట్టుకుని, నోటికి జానెడు దూరంలో ఉంచుకుంది.

“నేనే. మీ అత్తను. ఏమేమి చెప్పినావే ఆ ముసిల్దానికి నా మీద? చీనీకాయలంట, సంగటంట. నిన్ను నేను…”

నొప్పి మళ్ళీ లేచినట్టుంది. నందిని కేక వేసింది. ఆ కేక మాటలుగా మారింది.

“చీనీకాయలు కాదత్తా! పెద్దమ్మకు కూడా చెప్పలే నేను. ఆపొద్దు నొప్పులొస్తాండాయంటే యాషాలన్నావు. గొర్రెలకు నీళ్ళు పోసి రాపో అన్నావు. పోయినా. తొట్టి నిండేదాకా పోసినా. మద్దేన్నం దాకా ఆ దొడ్లోనే పడుండా. నా బిడ్డ ఆడ్నే పోయింది అత్తా. నీ గొర్రెలన్నీ బతికినాయి. నా బిడ్డ పోయింది.”

లక్ష్మీదేవి ఫోను నేలకేసి కొడుతుందనుకున్నాను. చెయ్యి పైకి ఎత్తింది కూడా. సుబ్బమ్మ ఎదురుగా నిలబడి, గొంతు లేదు కాబట్టి చేత్తో సైగ చేసింది. బావిలో నుంచి తాడు లాగినట్టు. ఇంకా తియ్యి, ఇంకా.

లక్ష్మీదేవి ఆ చేతిని కాల్చేసేట్టు చూసింది. తరవాత ఫోనులోకి, పోట్లాటకు పిలిచే గొంతుతోనే అంది. “ఇంగా?”

“ఏంది?”

“ఇంగా ఏమేం జేసినా? చెప్పు. ఒక్కటీ దాచుకోవద్దు. ఊపిరి తీసుకోని చెప్పు.”

నందిని చెప్పింది. ఒక్కొక్క నొప్పికి ఒక్కొక్కటి. ఆసుపత్రి వరండాకు అత్త రాకపోవడం. బిడ్డను పూడ్చిపెట్టిన చోటు చూపించకపోవడం. మూడో రోజే చీపురు చేతికి ఇవ్వడం. బిడ్డకు పెట్టాలనుకున్న పేరును ఇంట్లో ఎవరూ పలకకూడదనడం. ప్రతిదానికీ లక్ష్మీదేవి ఒకే మాట అంది. “ఇంగా.” తప్పయిందని అనలేదు, లేదని బుకాయించలేదు. అరుగు మీద కూర్చోలేదు, నీడలోకి జరగలేదు. సుబ్బమ్మ ఆమె ఎదుట నుంచి కదలకుండా తాడు లాగుతూనే ఉంది. అరగంటకు పైగా ఆ ఇద్దరూ అట్లా నిలబడ్డారు. ఎప్పుడైనా ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారని అన్సర్ లాఠీ దించకుండా ఉన్నాడు.

మూడు దాటాక ఫోనులో నందిని మాట ఆగిపోయింది. తరవాత సన్నగా ఒక ఏడుపు వచ్చింది.

“ఆడబిడ్డ,” అంది సుహానా. “మూడు కేజీలకు రోంత తక్కువ. ఇద్దరూ బాగుండారు. మంచమంతా ఈ చీనీ రసమేంది? ఎవరు తుడుస్తారు ఇదంతా?”

లక్ష్మీదేవి ఫోనును సుబ్బమ్మ కాళ్ళ దగ్గర పడేసింది. “నా ఇంటి గుట్టు నడివీధిలో పెట్టినావు. నీ మొగం మళ్ళా చూస్తే ఒట్టు,” అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. సుబ్బమ్మ ఫోను తీసుకుని తుడుచుకుని, చెప్పులు వేసుకుని ఇంటికి పోయింది.

అత్తాకోడళ్ళు ఒకటయ్యారని చెబితే కథ బాగుంటుంది. కాలేదు. నందిని నెల రోజులకు దారులు తెరవగానే పులివెందుల పోయి, ఏడాది తరవాత వచ్చింది. వచ్చి వేరే పొయ్యి పెట్టింది. ఆ ఇంట్లో ఇప్పటికీ గిన్నెలు గట్టిగానే మోగుతాయి. కాకపోతే, పోయిన బిడ్డకు పెట్టాలనుకున్న పేరే ఈ పిల్లకు పెట్టింది. లక్ష్మీదేవి దాన్ని రోజుకు వందసార్లు పిలుస్తుంది, ప్రతిసారీ తిట్టినట్టే.

అసలు నష్టం సుబ్బమ్మకు జరిగింది. ఆమె పని ఎట్లాంటిదో అత్తల లోకానికి తెలిసిపోయింది. రోడ్లు తెరిచిన వారం లోపలే దువ్వూరు నుంచి ఒకామె బస్సు దిగి వచ్చి, “నా కోడలు నన్నేమనిందో చెప్పు,” అని తలుపు కొట్టింది. చాపాడు నుంచి ఇద్దరు వచ్చారు. జమ్మలమడుగు నుంచి ఆటో కట్టించుకుని ఒక వియ్యపురాళ్ళ జట్టు వచ్చింది. ఎప్పుడో పదిహేనేళ్ళ కిందటి కాన్పుల పేర్లు కావాలట. సంతలో కాకరకాయలు కొనిపెట్టినవాళ్ళు ఎదురైతే మొహం తిప్పుకున్నారు. కొందరు వాకిట్లో దుమ్మెత్తి పోశారు. ఒక్కరికి ఒక్క పేరు చెప్పినా, ఇకమీద ఏ పిల్లా ఆమె ముందు నోరు విప్పదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా ఏడో నెల పిల్లలు పిలవడం మానలేదు. పులివెందుల నుంచి ఇప్పుడు ఫోనులోనే పిలుస్తున్నారు. కొత్త ఫోను కొనుక్కుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించేది.

ఇదంతా రాసి, మొన్న ఆమె అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. చివరిదాకా చింతపండు పిక్కలు తీస్తూ విన్నది. తరవాత చేట పక్కన పెట్టింది.

“ఎవురు చెప్పినారు మామా నీకీ కత? ఆపొద్దు నాకు జరం. ఇంట్లో కంబళి కప్పుకోని పండుకోనుండా. నాకప్పుడు ఫోనే ల్యా. పేర్లా? ఏం పేర్లు? తిట్లా? నా నోట్లో నుంచి ఒక్క చెడ్డమాట వచ్చింది ఎవురన్నా విన్నారేమో ఊరంతా తిరిగి అడుగు. కాన్పు గదిలో నేను స్తోత్రాలు చదువుతా, అంతే. ఆ ఎదురింట్లో ఎవురుంటారో కూడా నాకు తెలీదు. దీంట్లో ఒక్క ముక్క నిజం లేదని కింద రాసి, నీ సంతకం పెట్టు. పెట్టి లెయ్ ఈన్నుంచి.”